మూత తీసిన చెయ్యి

సభను నడుపుతున్న కార్మిక మండలి పెద్ద అన్నెలోర్ కేహెలే గారికి, యజమాని షెంప్ గారికి, లేజర్ షెడ్డు మిత్రులకు నమస్కారం.

పొద్దుటి నుంచి పొగమంచు. రెండో మిషన్‌లో రక్షక గాజు మార్చాను, పన్నెండు దాకా స్టీలు రేకులు కోశాం. ఆఖరి రోజని పని ఏమీ తగ్గలేదు.

ఇందాక నన్ను శుభ్రతకు మారుపేరన్నారు. ముప్పై ఒక్క ఏళ్ళుగా మీరు లెన్సు మీద వెన్నరొట్టె పొడి రాల్చుకుంటూ తిన్నారు, నూనె తుంపరలు కక్కే కంప్రెసరు గాలి కొట్టారు, చొక్కా అంచుతో రుద్దారు. ఎర్విన్ అయితే ఉఫ్‌మని ఊదేవాడు.

("ఒక్కసారేరా!" అని వెనక నుంచి ఎర్విన్. నవ్వులు.)

ఒక్కసారికే లెన్సు పోయిందిరా. కూర్చో.

మన ఊళ్ళో ఉమ్మడి మెట్లు ఊడ్చే వంతు ఎవరికి వస్తే వాళ్ళ తలుపుకు పలక తగిలిస్తారు. ఊడవకపోతే వీధంతా మాట్లాడుకుంటుంది. అందుకే మనవాళ్ళకు మరక కనిపిస్తే చెయ్యి ఆగదు. మెట్లయితే తుడవండి. లేజర్ కాంతిని మోసే ఫైబర్ కేబుల్ కొసనున్న గాజును మాత్రం శుభ్రం చేసే మందులో తడిపిన కాగితంతో ఒక్కసారే తుడిచి, సూక్ష్మదర్శినిలో చూసి, మూత పెట్టాలి. ఆ మూత మళ్ళీ బిగించేటప్పుడే తియ్యాలి. మన షెడ్డులోనే పనిచేసిన వ్లోరా క్రాస్నిచి మార్చిలో అలాగే చేసి, పుస్తకంలో సంతకం పెట్టింది.

ఆ మధ్యాహ్నం అతిథులొచ్చారు. షెంప్ గారు ఆ కేబుల్ మూత తీసి, "చూశారా, మా దగ్గర ధూళన్నదే ఉండదు" అన్నారు. చుక్కేదో కనిపించినట్టుంది, కళ్ళజోడు మీద ఊదినట్టు ఊది, ఇస్త్రీ చేసిన చేతిరుమాలుతో శుభ్రంగా రుద్ది మూత పెట్టేశారు. నేను పక్కనే రొట్టెల పళ్ళెం పట్టుకుని నిలబడి ఉన్నాను.



మర్నాడు పొద్దున్నే ఆమె సంతకం చూసి కేబుల్ బిగించారు. మీట నొక్కగానే కొస మాడిపోయింది. అజాగ్రత్త అని ఆమె కాగితాల్లో రాసి, మేలో పని నుంచి తీసేశారు. ఆ మాట వల్లే పక్క ఊరి వర్క్‌షాపు కూడా ఆమెను తీసుకోలేదు.

("ఎబర్‌హార్ట్, ఇది ఇప్పుడా చెప్పేది?" అని షెంప్ గారు.)

మార్చిలో చెప్పాల్సింది సార్. అతిథులు వెళ్ళాక నేనే మళ్ళీ తుడుద్దామనుకున్నాను. నాలుగు కొట్టింది, ఇంటికి పోయాను. తరవాత పెన్షన్‌కు ఏడు నెలలే ఉందని నోరు మూసుకున్నాను. మీది తెలియనితనం సార్, నాది అది కూడా కాదు. ఊదే ఎర్విన్ నయం, ఊదానని ఒప్పుకున్నాడు.

చూసింది చూసినట్టు రాసి సంతకం పెట్టాను. కేహెలే గారూ, తీసుకోండి. ఆ మాట కొట్టేయించి, ఆ వర్క్‌షాపుకు ఉత్తరం పంపించండి. వీడ్కోలుకని నాకిచ్చిన గడియారం వెనక్కి తీసుకున్నా ఫర్వాలేదు.

(కేహెలే గారు లేచి కాగితం అందుకున్నారు. షెంప్ గారు చేతిరుమాలు తీసి, మళ్ళీ జేబులో పెట్టుకున్నారు.)

భోజనం వండిన క్యాంటీన్ వాళ్ళకు, ఇంతసేపు విన్న మీకు కృతజ్ఞతలు. ఇక నాకు సెలవిప్పించండి.

వ్లోరా మే ఇరవై మూడున, శుక్రవారం, పన్నెండున్నరకు ఒక్కతే వెళ్ళిపోయింది. నేను ఇవాళ నాలుగింటికి వెళ్తున్నాను.