ఒక్క చుట్టుకని వేసిన టేపు

వద్దంటే విందా మీ కూతురు? ఒక్క చుట్టు అంది. ట్రాక్ మీద కారుని ఒకే ఒక్క చుట్టు గట్టిగా తోలి, బళ్ళు ఆపుకునే ఈ పిట్‌లోకి వచ్చేస్తానంది. ఇప్పటికి రెండయ్యాయి, మూడోదానికి తయారవుతోంది! మీకేం, హాయిగా ఫోటోలో నవ్వుతూ కూర్చున్నారు.

నవ్వకండి.

అసలు మిమ్మల్ని ఇంట్లో దేవుడి అరలోనే ఉంచి రావలసింది. పొద్దున్నే మీ ముందు అన్నం, టీ పెట్టి దణ్ణం పెట్టుకుంటుంటే వెనకాలే వచ్చి, "నాన్ననీ తీసుకెళ్దాం అమ్మా, ఇవాళ ఆయన చుట్టు టైము దాటేస్తాను, చూడొద్దూ?" అని పటం చంకలో పెట్టుకుని బయల్దేరింది చినత్సు. ఇక్కడ టైర్ల దొంతి మీద పెట్టి, గాలికి పడిపోకుండా స్పానర్ ఆనించి మరీ వెళ్ళింది. స్పానర్ ఆసరాతో నిలబడ్డ మొగుడు! బతికున్నన్నాళ్ళూ అంతేగా మీరు.

అదుగో, వస్తోంది. మెల్లగానే వస్తోంది. టైర్లు చల్లార్చుకోడానికి మధ్యలో ఒక చుట్టు నెమ్మదిగా తిరుగుతారు కదా, ఆ చుట్టు. లోపలికి తిప్పవే తల్లీ... తిప్పు... లేదండీ, తిప్పలేదు. చెయ్యి ఊపి పోయింది.

దాని తప్పు లేదులెండి. మొదటి చుట్టులో నీలం బండి ఒకటి అడ్డంపడి అంతా పాడుచేసింది. రెండోదాంట్లో ఎంత వచ్చిందో తెలుసా? నిమిషం మీద ఒకటిన్నర సెకను! డిసెంబరు నుంచి నాలుగు ఆదివారాలు తిరిగినా ఒకటీముప్పావు దగ్గరే ఇరుక్కుపోయిన పిల్ల, ఒక్కసారిగా పావు సెకను దిగింది. మీ టైముకి ఇంకో పావే దూరం. ఇప్పుడు ఆగమంటే ఆగుతుందా? మీరైతే ఆగేవారా?

మీ స్టాప్‌వాచీ నా చేతిలోంచి జారిపోతోంది. జనవరి చలిలో అరచేతులకి ఈ చెమటేమిటో!

ఎందుకే ఫుసాయె ఇంత కంగారు, ఎన్నేళ్ళ నుంచి చూస్తున్నావు అంటారు. అంటారని తెలుసు. చెప్తాను. తిట్టకుండా వినండి.

అక్టోబరు నుంచి మనింట్లో ఒకటే గొడవ. వెచ్చటి కొతాత్సు బల్ల దుప్పటి కింద కాళ్ళు పెట్టుకోవడం, నారింజలు ఒలుచుకోవడం, ఈ బండికి ఏం బిగించాలా అని వాదులాడుకోవడం. మన మెకానిక్ ఒగివారా గారు షెడ్డు మూసేసి వచ్చి కూర్చునేవారు. ఆయనదంతా ఒకటే పాట. "వెనక పెద్ద రెక్క పెట్టు చినత్సూ. ముందు బంపర్ కింద వెడల్పు పలక పెట్టు. గాలే బండిని నేలకేసి అదుముతుంది, మలుపుల్లో పట్టు వదలదు. బ్రేకులకి గాలెందుకు, బంపర్‌కి ఆ కన్నాలెందుకు? ఒక్క చుట్టేగా! వేడెక్కే లోపు అయిపోతుంది" అని.

మీ కూతురు ఏమందో తెలుసా? "ఒక్క చుట్టు అన్నవాళ్ళు ఎవరైనా ఒక్క చుట్టుతో ఆగారా ఒగివారా గారూ? మా నాన్న ఆగాడా?" అంది. ఆయన ఇంకో నారింజ అందుకుని ఒలవడం మొదలుపెట్టారు. నాకు నవ్వొచ్చింది కానీ, లోపల ఎంత నిశ్చింతగా అనిపించిందో! బుద్ధిమంతురాలు అనుకున్నాను. పళ్ళు కట్టే ల్యాబ్‌లో రోజంతా వెంట్రుకవాసి లెక్కలతో పనిచేసే పిల్ల కదా, దేనికీ తొందరపడదు. బంపర్‌కి రెండు పక్కలా రెండు నోళ్ళు తెరిపించింది. అక్కణ్ణుంచి ముందు చక్రాల బ్రేక్ డిస్కుల దాకా లావుపాటి గొట్టాలు వేయించింది. వేడికి తొందరగా మరగని బ్రేక్ ఆయిల్ పోయించింది. ఆ తర్వాతే రెక్క, అదీ చిన్నదే. వెనక ఒక్కచోటే గట్టిగా అదిమితే ముక్కు తిరగనంటుందిట. "ముందు ఆగే సంగతి చూసుకోమని నాన్నే చెప్పాడు" అంది. మీరెప్పుడు చెప్పారో నాకైతే గుర్తులేదు.

అయ్యో, వచ్చేసింది! చూడండి, చూడండి ఎంత వేగమో! పోయింది... ఆగండి, నొక్కాను... ఒకటింబావు. ఏమండీ, నిమిషం మీద ఒకటింబావు! సరిగ్గా మీ టైమే! పక్క పిట్‌లో వాళ్ళు కూడా లేచారు. "నుమాజిరి గారి అమ్మాయి కుమ్మేస్తోంది" అని మీ పేరే చెప్పుకుంటున్నారు.

నాకెందుకు సంతోషం రావడం లేదు? చెప్తాను. చెప్పేస్తాను.

పొద్దున డ్రైవర్లందర్నీ పిలిచి జాగ్రత్తలు చెప్తారే, ఆ సమావేశానికి వెళ్ళింది చినత్సు. నేనొక్కదాన్నే ఉన్నాను బండి దగ్గర. నల్ల టేపు తీసుకుని మోకాళ్ళ మీద కూర్చుని ఆ రెండు నోళ్ళూ మూసేశాను. నల్ల బంపర్ మీద నల్ల టేపు. అంచులు గోటితో రుద్దాను, ఎవరికీ కనపడకుండా.

అలా చూడకండి! ఇక్కడ చలికాలంలో అందరూ చేసే పనే. కన్నాల్లోకి గాలి దూరకపోతే బండి ఇంకాస్త తేలిగ్గా పోతుంది. ఒక్క చుట్టుకి ఏమీ కాదు. కానీ వాళ్ళందరి సంగతి వేరు. టేపు ఉందని తోలేవాడికి తెలుసు. దీనికి తెలీదు. గొట్టాల్లోంచి గాలి బ్రేకులకి తగులుతోందనే ధీమాతో తోలుతోంది నా తల్లి.

ఎందుకు చేశానంటారా? మీ పటం ముందు గంట మోగించి మాటిచ్చింది కదండీ. "నాన్న టైము దాటిన రోజే ఈ బండి అమ్మేస్తాను, ఆ తర్వాత ట్రాక్ మొహం చూడను" అని. నేను విన్నాను. ఆ మాట పట్టుకునే ఇన్నాళ్ళూ ఆదివారాలన్నీ గడిపాను. ఇంకా ఎన్ని ఆదివారాలండీ నేనిలా గోడ పక్కన నిలబడి సెకన్లు లెక్కపెట్టడం? మీకోసం ఇరవయ్యేళ్ళు నిలబడ్డాను, చాలదా? ఇవాళ్టితో అయిపోతే చాలనుకున్నాను. భయపడే చేశాను. ఆ భయంతోనే ఇంత పని చేశాను.

ఇప్పుడు మళ్ళీ నెమ్మదిగా తిరుగుతోంది. బ్రేకులు చల్లారతాయనుకుంటోంది, పిచ్చి పిల్ల. గాలి పోయే దారి మూసేశాక ఎంత నెమ్మదిగా తిరిగితే ఏం లాభం? ఆయిల్ మరిగిందంటే పెడల్ నేలకి అంటుకుపోతుంది. ఎంత తొక్కినా బండి ఆగదు. మీరు చెప్పిందే కదండీ ఇదంతా నాకు.

పిట్‌లోకి రమ్మనే బోర్డు ఇక్కడే ఉంది, నా కాళ్ళ దగ్గర. ఇందాకే ఎత్తాల్సింది. ఎత్తితే వస్తుంది. వచ్చి, ఎందుకు పిలిచావమ్మా అంటుంది. ఏం చెప్పను? టేపు వేశానని చెప్పనా? సిగ్గుపడ్డాను. కన్నకూతురి ప్రాణం కంటే సిగ్గు ఎక్కువైందా నీకు అని అడగండి. అడగండి, పడతాను.

ఎత్తుతున్నాను. ఇదుగో, ఎత్తాను! చినత్సూ! ఇటు చూడవే! ఎండ కళ్ళలో కొడుతోందేమో... చూసింది. చూసిందండీ! అయ్యో, వేలు చూపిస్తోంది. ఒక్క వేలు. ఇంకొక్కటి అంటోంది.

అచ్చం మీలాగే ఎత్తింది ఆ వేలు.

పోయింది. మొదటి మలుపు... తిరిగింది. ఆ వెనకాల నాకు కనపడదు. దూరంగా మోత వినిపిస్తోంది. అదుగో, గేరు మార్చింది. పావు నిమిషమైంది. అర నిమిషం దాటింది. బుద్ధుడా, నా తండ్రీ, ఈ ఒక్కసారికి... వస్తోంది, చివరి మలుపు దాటింది, వస్తోంది! ముందు చక్రాలు చూడండి, లోపల ఎర్రగా నిప్పు కణికల్లా ఉన్నాయండీ! దాటింది!

సరిగ్గా ఒక్క సెకను. నిమిషం మీద ఒక్కటే. మిమ్మల్ని దాటేసింది.

ఇంక నెమ్మదించవే. నెమ్మదించు... నెమ్మదించడం లేదేమిటి? మలుపు వచ్చేసింది! ఏమండీ, అది ఆగడం లేదు! తిన్నగా పోతోంది! మట్టిలోకి...

దుమ్ము. ఏమీ కనపడటం లేదు. ఎవరో కేకలేస్తున్నారు. నన్ను అటు చూడమనకండి, నేను చూడలేను. మీరు చూడండి. మీరు చూసి చెప్పండి, ఉందా? నా బిడ్డ ఉందా? మీకు దండం పెడతాను, ఉందని చెప్పండి.

గోడ అడుగు దూరంలో ఉందా? ఆగిందా? ఎవరు దిగారు? తనేనా?

తనే. హెల్మెట్ తీసింది. నడుస్తోంది. నడుస్తోందండీ!

...

కాసేపు కూర్చోనివ్వండి నన్ను.

బండిని తాడు కట్టి లాక్కొచ్చారు. ముందు చక్రాల్లోంచి ఇంకా పొగలు వస్తున్నాయి. మట్టి తుడుస్తున్నట్టు గుడ్డ పట్టుకుని ముందు కూర్చుని, ఆ టేపు రెండు పక్కలా పీకేసి కోటు జేబులో కుక్కుకున్నాను. జిగురు కరిగి వేళ్ళకంటుకుంది. ఎవరూ చూడలేదు.

చినత్సు ఏడుస్తూ నవ్వుతూ వచ్చి వాటేసుకుంది. "చూశావా అమ్మా! నాన్నని దాటేశాను! పెడల్ ఒక్కసారి లోపలికి పోయింది, చచ్చాననుకున్నాను, మట్టి కాపాడింది" అంది. ఇంక అమ్మేద్దాం అంటుందని చూస్తున్నాను. ఏమందో విన్నారుగా? "గొట్టాలు చిన్నవయ్యాయమ్మా. ఇంకా పెద్దవి వేయిస్తాను. ఈ బండిలో ఇంకో అర సెకను దాగుంది, నాకు తెలిసిపోయింది. ఇప్పుడు ఎలా అమ్ముతాను?"

లేని అర సెకను అండీ అది. నా జేబులో ఉంది.

మీకు గుర్తుందా, ఆస్పత్రి మంచం మీద ఆఖరి వారంలో? దుప్పటి కింద కుడికాలు కదులుతుండేది, బ్రేకు తొక్కుతున్నట్టు. "ఆ రోజు ఆ ఒకటింబావు ఎలా వచ్చిందో ఇప్పటికీ అర్థం కాదు ఫుసాయె. రెక్కలు మార్చాను, డిస్కులు మార్చాను, పదేళ్ళు తిరిగాను. మళ్ళీ రాలేదు. నా చేతిలో పస అయిపోయింది" అన్నారు. నేను మీ దిండు సర్ది ఊరుకున్నాను.

మీ చేతిలో పస అయిపోలేదండీ. ఆ రోజు కూడా నేనే వేశాను టేపు. ఒకటిన్నర లోపు వస్తే మానేస్తానని మీరూ నాకు మాటిచ్చారుగా? మానేస్తారనుకున్నాను. మీరు వేలెత్తి ఇంకొక్కటి అన్నారు. ఆ తర్వాత పదేళ్ళు, లేని టైము కోసం తిరిగి తిరిగి, చేతకానివాణ్ణయ్యానని కుమిలి కుమిలి పోయారు. నేను పక్కనే ఉండి అన్నం వడ్డించాను.

మీకు చెప్పడానికి మీరు పోయేదాకా ఆగాను. దీనికి చెప్పడానికి అలా ఆగలేను.

అదుగో, చేతులు కడుక్కుని వస్తోంది. ట్రాక్ మీద బండి జారినప్పుడు కూడా ఇంత భయం వేయలేదు నాకు. మీరు నా వైపు చూడకండి, చూస్తే చెప్పలేను.

చినత్సూ. ఆ గొట్టాల సంగతి తర్వాత, ముందు ఇలా వచ్చి కూర్చో తల్లీ. నా జేబులో చెయ్యి పెట్టి ఏముందో తియ్యి.