నొప్పి తెలీని సూది

ఆగు డాక్టరమ్మా, ఆ సూది పని చేయలేదని రాయొద్దు! పెన్ను పక్కన పెట్టు తల్లీ. వేరే మందుకు మార్చేది కూడా వద్దు. ఎందుకంటే... చెప్తా ఉండు. కోడల్ని బయట కూర్చోబెట్టి నేనొక్కదాన్నే ఎందుకు వచ్చినా అనుకుంటాండావు?

కడుపులో బిడ్డ గుండె కొట్టుకుంటాంది కదా? స్కానింగులో చూసినావు కదా? ఇంగోసారి చెప్పమ్మా. ఆ... చాలు.

మా శిల్పకు ఇంతకుముందు మూడుసార్లు కడుపు నిలవలేదు. నేనేమంటి? గాలి సోకిందంటి. దాని నడక మంచిది కాదంటి. యాడయాడికో తిప్పి తాయెత్తులు కట్టిస్తి. మొగుడూ పెండ్లాలు ఇద్దరికీ నువ్వు రక్త పరీక్షలు చేపిచ్చినాక కదా తెలిసింది, శిల్ప రక్తం ఊరికే గడ్డ కడతాదని, బిడ్డకు పోయే రక్తానికి అదే అడ్డమని. రోజూ పొట్టకు సూది ఏస్తే నిలబడొచ్చంటివి.

నా కొడుకు భూపేష్‌ది ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టుల పని. వాడు ఇంట్లో ఉండేదే తక్కువ. కడుపుతో ఉండే పిల్ల రోజూ ఆటోలో కుదుపులు తినుకుంటా ఆస్పత్రికి పోయేదెందుకని నీ నర్సే నాకు సూది ఏసేది నేర్పిచ్చె. "ఓబులమ్మా, నీ చేయి శానా మెత్తన" అనె. అబ్బో, ఎంత మురిసిపోతినో! కమలాపురంలో మా వీధంతా చెప్పుకుంటి.

ఈ మధ్య గ్రహణం వచ్చె కదా. నవ్వొద్దు తల్లీ. కడుపుతో ఉండే మనిషిని గ్రహణం పూట సూదీ కత్తీ ముట్టనీకూడదని మాకు చిన్నప్పటినుంచీ చెప్పిందే. మా మరిది కొడుకు చిన్న ఈరన్న పెదవి చీలి పుట్టె. వాళ్ళమ్మ గ్రహణంలో కత్తిపీట మీద కూరకు ఎర్రగడ్డ కోసిందని ఊరంతా ఆడిపోసుకునిరి. నేనూ అంటి. అట్లాంటిదాన్ని, బిడ్డ ఉండే పొట్టలో నా చేత్తో నేనే సూది ఎట్ల గుచ్చేది?

శిల్పకు సూదంటే భయం. కండ్లు మూసుకోని మొగం గోడపక్కకు తిప్పుకుంటాది. నేను చర్మం పట్టుకోని గోరుతో గిచ్చి, మందంతా నా చీర కొంగులోకి ఒత్తేస్తి. దూదితో తుడిస్తి.

ఆ ఒక్క పూటే అనుకుంటి, ఒట్టు! మరుసటి రోజు చూస్తే ముందు ఏసిన సూదులకు పొట్టంతా కమిలి నల్లగా ఉండాది. పాపమనిపిచ్చె. నిన్న ఏయకపోయినా ఏమీ కాలేదు కదా, ఈ పొద్దు కూడా వద్దులే అనుకుంటి. ఆ మర్నాడూ అంతే. రోజూ సూది తీసేది, రోజూ కొంగు తడిపేది.

నిన్న పొద్దున రక్తం కనపడె.

ఏమంటావు? దాని వల్లనే అని గట్టిగా చెప్పలేవా? నన్ను ఓదార్చొద్దులే తల్లీ. నాకది వద్దు.

బయట ఆ పిల్ల ఏమని ఏడుస్తాందో తెలుసా? నీళ్ళ బిందె ఎత్తినానే, నా చేతులారా చేసుకున్యానే అని. నా భుజం మీద తల పెట్టుకోని ఏడుస్తాంటే, వీపు నిమురుకుంటా కూర్చుంటి నేను. సిగ్గు లేని బతుకు!

నువ్వు చెప్పొద్దు. నేనే చెప్తా. ఆ గ్రహణం పూట కండ్లు తెరిచి అది నాతో ఏమనిందో తెలుసా? "అత్తా, ఈ పొద్దు రవ్వంత కూడా నొప్పి తెలీలేదు, నీ చేతికి మొక్కాల" అనె. అని ఈ చేతినే, ఇదో ఈ చేతినే కండ్లకద్దుకునె డాక్టరమ్మా.

ఇంగ పిలువు దాన్ని.