రజాక్ తమ్ముడి ఎలచ్చను

ఏటే ఫర్హా, మీ తాత ఎమ్మెల్యేకి నిలబడ్డాడా అని ఇప్పుడా అడగతన్నావు? నిలబడ్డాడమ్మా. మీ నాన్న సెప్పుండడు, ఆ మాటెత్తితే ఇప్పటికీ లేచెళ్ళిపోతాడు. మీ నాన్నమ్మ మదీనా బతికుంటే తనే సెప్పీది. కూకో, ఆ కుర్చీ కాలు ఊగతాది, గోడకి జరుపుకో. అప్పటికి నువ్వు సిన్న గుంటవి, నీకేటి తెలస్తాది. టైలరు అబ్దుల్ రజాక్ అంటే ఈ పాతూళ్ళో తెలీనోళ్ళు నేరు. మీ ఇంటికీ మా ఇంటికీ ఒకటే గోడ. నన్ను అప్పా అని పిలిసీవోడు, నాను తమ్ముడూ అనీదాన్ని. ఆ ఎలచ్చనంతా ఒక బస్సు కోసమమ్మా. అవును, బస్సే. హార్బరు నుంచి సేపల తట్టలతో రావడానికి మాకు ఒక్క బస్సుండీది, దాన్ని ఆపీసారు. ఆటోవోడు వాసనని ఎక్కనివ్వడు. ఎండలో తట్ట నెత్తినెట్టుకుని మేం నడిసొస్తంటే, మీ తాత కుట్టడం ఆపీసి సూస్తా కూకునీవోడు. రెండు పెద్ద పార్టీల వోళ్ళ దగ్గరకీ ఎళ్ళాడు. ఇద్దరూ టీ ఇచ్చి పంపీసారు. మూడో పార్టీ ఒకటుండీది, ఆఫీసు కూడా సరిగ్గా నేదు, వోళ్ళు మాత్రం నువ్వే నిలబడరాదా భాయ్ అన్నారు. నిలబడిపోనాడు.

గుర్తేటిచ్చారో తెలుసా, కుట్టుమిషను. ఇంట్లో ఉన్నదే మళ్ళీ ఇచ్చారప్పా అని ఒకటే నవ్వు. మీ నాన్నమ్మ ఊరుకుంటాదా, ఇంట్లో మిషను తిప్పడం సేతగాదు గానీ ఊరంతా తిప్పుతాడట అని దెప్పీది. అంటానే తెల్లారగట్ల లేచి ఆయన చొక్కా ఇస్త్రీ సేసీది, మరి. మా వీధాడోళ్ళం హారతిచ్చి బొట్టెడితే వొద్దనీవోడు కాదు మీ తాత. తల వొంచి ఎట్టించుకునీవోడు, నమాజు వేళకి కడుక్కునీవోడు. టీ కొట్టు ఎల్లాజీ అన్నాడు కదా, "నువ్వు మంచోడివే బావా, నీకేస్తే ఓటు పాడైపోద్ది." మీ తాత ఏటన్నాడో తెలుసా? "ఎవులికేసినా పాడవుతానే ఉంది కదా బావా, ఈపాలికి నా దగ్గర పాడు సెయ్యి." ఆ కొట్టు బల్ల మీదే, ఓట్ల వారంలో, మిట్టమద్దినేళ, గుండె పట్టుకుని కూలబడ్డాడు. మంచినీళ్ళన్నాడంట. ఎల్లాజీ గ్లాసు ముంచి తెచ్చీసరికి మనిషే నేడు.

ఎలచ్చను ఆగిపోద్దనుకున్నాం. ఆగలేదమ్మా. పెద్ద పార్టీవోడు పోతే ఆపుతారంట, ఇలగ సిన్న పార్టీవోడు పోతే ఆపరంట, రూలంట. సావులో కూడా ఆ తేడా ఏటో, నాకిప్పటికీ బోధపడదు. మనిషి మట్టిలో కలిసిపోనాడు, పేరూ ఫొటో ఓట్ల మిషను మీద అలగే ఉండిపోనాయి. మీ నాన్నమ్మ ఓటుకెళ్తానంది. మొగుడు పోతే మీలో గడువు తీరీదాకా ఆడమనిషి గడప దాటదు కదా. మల్కాపురం నుంచి ఆవిడ తమ్ముడు హసన్ వొచ్చున్నాడు. మనిషే పోయాక ఓటెందుకక్కా, జనం ఏటంటారు అన్నాడు. ఆ పిల్లడి తప్పేటుందిలే, భయం. మీ నాన్నమ్మ అన్నం మానీసింది. నాను సూళ్ళేక మసీదు గేటు దగ్గరకెళ్ళి నిలబడ్డాను. సేపలమ్మీదాన్ని, లోపలికెళ్ళొచ్చో నేదో. నమాజు సేయించీ హజ్రత్తే బయటికొచ్చి ఇన్నాడు. "తప్పనిసరి పనుంటే పగలెళ్ళి పగలే ఇంటికొచ్చీవొచ్చమ్మా. తప్పనిసరో కాదో ఆవిడే సెప్పాల" అన్నాడు. ఆ మాట మోసుకొచ్చి సెప్పాను. తప్పనిసరే, అని ఒక్క ముక్కంది. హసన్ ఎళ్ళి ఆటో తెచ్చాడు.

బడిలో పోలింగు. లైన్లో ఆడోళ్ళు ఎవులూ సెప్పకుండానే తప్పుకుని దారిచ్చారు. ముందు నాను ఎళ్ళాను. నాకు అక్షరాలు ముసిలైపోయాక వొచ్చాయి కదా, అంతకుముందు గుర్తు సూసి నొక్కీదాన్ని. ఆయేళ పేరు కూడబలుక్కుని సదివాను, అబ్దుల్, రజాక్. పక్కన ఫొటో, ఇస్త్రీ చొక్కా. నొక్కాను. తరవాత మీ నాన్నమ్మ ఎళ్ళింది. మిషను కూత ఇనబడింది, ఓటు పడిపోనాది. మనిషి మాత్రం ఎంతకీ రాదు. పోలింగు ఆఫీసరు మెల్లిగానే పిలిసాడు, అయిపోయిందమ్మా, రండి అని. వొచ్చి బడి గోడ నీడన నిలబడింది. ఏటైందే అన్నాను. ఏడుస్తాదనుకున్నాను, ఏడవనేదు.

"నొక్కితే మిషను అద్దం ఎనకాల కాయితం సీటీ కనబడిందప్పా, ఆయన గుర్తుతోటి. కాసేపు అలగే ఉంది. అప్పుడు తెగి కిందకి పడిపోనాది. మొన్న మగాళ్ళు మోసుకెళ్ళినప్పుడు నన్ను గుమ్మంలోనే ఆపీసారు కదా. మట్టిలోకి దించడం సూడనేదు నాను. ఇప్పుడు సూసాను."

ఓట్లా? ఎన్నొచ్చాయో నాను అడగనేదమ్మా. ఎవులో గెలిసారు.

ఆ తలుపు కాస్త దగ్గరకెయ్యి, గాలి తోలతంది.