లెట్ చెయ్యరాదు

నవ్వకమ్మా. లెట్ అంటే రానివ్వడమే కాదు, అడ్డుపడటం కూడా. పాతకాలం ఇంగ్లీషులే, ఇప్పుడెవరూ అలా వాడరు. నాకెవరు చెప్పారా? మా వదిన. నువ్వు పుట్టకముందే పోయింది. ఆడపిల్లల బళ్ళో ఇంగ్లీషు చెప్పేది. మనిషి గుప్పెడంత, గొంతు మాత్రం ఆఖరి బెంచీ దాకా ఖంగుమనేది. మా అన్నయ్య ఆవిడ ముందు పిల్లి, అది వేరే సంగతనుకో.

అప్పుడు నేను వకీలు గారి దగ్గర టైపిస్టుని. ఒక వీధి వాళ్ళొచ్చారు, పదిహేడు కుటుంబాలు. బావికెళ్ళే దారి మిల్లు స్థలంలోంచే. మిల్లు కొన్న కొత్తాయన గేటు పెట్టి తాళమేశాడు. ఇక చుట్టూ తిరిగి మైలు దూరం బిందెలు మొయ్యాలి. ముసలివాళ్ళు కూడా, పాపం. ఏమిటి చెబుతున్నానూ? ఆఁ, దస్తావేజు. నూటయాభై ఏళ్ళ నాటిది, ఆ స్థలం అప్పటి యజమాని రాసింది, అంతా ఇంగ్లీషే. ఆ దారి వీధి వాళ్ళకి తరతరాలకీ ఇచ్చానని ఒక వాక్యం. నా వారసులు వాళ్ళని లెట్ చెయ్యరాదని తర్వాతి వాక్యం. మిల్లాయన ప్లీడరు రెచ్చిపోయాడు. "లెట్ చెయ్యరాదంటే రానివ్వకూడదనేగా!" మా వకీలు గారు వాయిదా అడిగారు.

ఇంట్లో అన్నం తింటూ చెప్పాను. వదిన గరిటె పక్కన పెట్టేసింది. "ఒక చేత్తో ఇచ్చి రెండో చేత్తో లాక్కుంటాడటయ్యా ఎవడైనా? లెట్ అనేవి రెండు వేరే మాటలు. ఒకే పేరున్న ఇద్దరు మనుషుల్లాగా. ఒకడు రమ్మంటాడు, ఇంకోడు అడ్డం నిలబడతాడు. ఈ రెండోవాడు ఏనాడో పోయాడు."

మా వకీలు గారు ఆవిణ్ణి సాక్షిగా పిలిచారు. ఆ ప్లీడరు, "బళ్ళో పాఠం కోర్టులోనా?" అని వెటకారం. వదిన నెమ్మదిగా, "అయ్యా, తమరు విదేశాలు తిరిగొచ్చారటగా. తమ పాస్‌పోర్టు తెప్పించి మొదట్లో ఉన్న విన్నపం చదవండి" అంది. జడ్జి గారు తెప్పించమన్నారు. మధ్యాహ్నం ఆ ప్లీడరే చదివాడు. ఈ మనిషిని లెట్ గానీ ఆటంకం గానీ లేకుండా పోనివ్వండి అని ఉంది. "లెట్ అంటే ఏమిటి, చెప్పండి" అన్నారు జడ్జి గారు. "అడ్డండీ" అన్నాడు. గేటు ఊడింది.

వారం తిరక్కుండా ఆ ప్లీడరే మా ఇంటికొచ్చాడు, చంకలో పాత దస్తావేజుల కట్ట. "మాస్టారమ్మా, ఇందులో నాకు తెలియనివి ఎన్నున్నాయో చూడండి." నేనైతే గుమ్మంలోంచే పంపేసేవాణ్ణి. ఆవిడ కుర్చీ వేసింది. పదేళ్ళు, ప్రతి ఆదివారం వచ్చాడు. ఆవిడ పోయినప్పుడు అంత పెద్ద మనిషీ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "నాకు చదువు చెప్పిన తల్లి" అన్నాడు అందరి ముందూ.

నాకూ ఆవిడే చెప్పింది. టైపింగు పరీక్షకి కూర్చోబెట్టి, తప్పులు దిద్ది... బతికుండగా ఒక్కసారీ అనలేదు నేనా మాట.

ఆ కిటికీ వెయ్యమ్మా, జల్లు కొడుతోంది.