ఏడో నంబరు స్లిప్పు

కూర్చోను సార్, నిలబడే చెప్తాను. కూర్చుంటే నా నోరు మెత్తబడిపోతుంది.

ఆ నత్తని సూపర్‌వైజర్ చేశారట! నత్త ఎవరంటారా? పదకొండో నంబరు. చెకింగ్‌లో నా పక్క టేబులు. ఒక్క చొక్కా చేతికిస్తే, కొత్త కోడలి వంటని అత్తగారు చూసినట్టు తిప్పి తిప్పి చూస్తుంది.

నాకు పందొమ్మిదేళ్ళ సర్వీసు. ఆవిడకి నాలుగు. నేను రోజుకి ఆరువందల చొక్కాలు చూస్తాను. ఆవిడ మూడొందల యాభై దాటిస్తే మహా గొప్ప. మరి ఆ కుర్చీ ఎవరికి రావాలి, మీరే చెప్పండి?

నిజాయితీ, నిజాయితీ అంటారు! తిరిగొచ్చిన ఆ పెట్టె సంగతేగా? నలభై చొక్కాలు, ఒక్కదానికీ కాలరు గుండీ లేదు. లోపల, చూసినవాళ్ళ నంబరుండే స్లిప్పు, నాదే, ఏడు. నేనింకా నోరు విప్పనే లేదు, ఆవిడ లేచి, "పెట్టెకి టేపు వేసింది నేనే సార్, చూసి వెయ్యాల్సింది, తప్పు నాది" అనేసింది. అంతే, మీరు కరిగిపోయారు. తప్పుల రిజిస్టరులో పదకొండు రాశారు. వారం తిరక్కుండా కుర్చీ వేశారు.

తప్పు చేస్తే కుర్చీ ఇస్తారని తెలిస్తే, నేనెప్పుడో చేసి ఉండేదాన్ని కదా!

అబ్బే, నీళ్ళొద్దు.

అవును, ఏడుపే. ఒప్పుకుంటున్నాగా? పనయ్యాక తన టేబులు తుడుచుకుని, నాది కూడా తుడుస్తుంది. ఎవరు తుడవమన్నారండీ? తన చేతిలోంచి ఒక్క తప్పు జారిపోతే చాలు, వెనక్కి పరిగెత్తి పెట్టె విప్పిస్తుంది. ఆవిడలో వేగమంటూ ఉంటే ఆ పరుగొక్కటే.

సరే, వినండి. చొక్కాలన్నీ చూశాకే పెట్టెలో స్లిప్పు వెయ్యాలి కదా? నేను పొద్దున్నే పదిహేను ఖాళీ పెట్టెల్లో ముందుగానే పడేస్తాను. పెట్టెకి అరనిమిషం కలిసొస్తుంది. నా ఆరువందల వెనకున్న విద్య ఇలాంటిదే. ఆ రోజు పద్నాలుగు పెట్టెలే చూశాను. టైమైపోయింది. "అన్నీ చూసినవే వదినా, టేపు వేసెయ్" అనేసి సంచీ తగిలించుకుని వెళ్ళిపోయాను.

వదినా అన్నానండీ! పని పడితేనే వరసలు గుర్తొస్తాయి నాకు.

ఆ మాట ఆవిడ మీకు చెప్పలేదు కదూ? తెలుసు. నా దగ్గరా ఎత్తలేదు. మర్నాడు మామూలుగా వచ్చి నా టేబులు తుడిచింది. నన్ను తినేస్తున్నది అదే సార్. ఒక్క తిట్టు తిట్టి ఉంటే హాయిగా తిట్టుకునేదాన్ని.

ఆ రిజిస్టరు ఇటు తియ్యండి. పదకొండు కొట్టేసి ఏడు రాయండి. కుర్చీ మీ ఇష్టం, ఆవిడకే ఇచ్చుకోండి. కానీ నేను చేసిన తప్పు కూడా ఆవిడకే మంచిపేరు తెచ్చిపెడితే, ఇక నాకంటూ మిగిలేదేముంది?

ఏం, పెన్ను లేదా? ఇదిగో, నా దగ్గరుంది.