ఉత్తరం గోడ పక్క బండ

లింబుర్గ్‌లో మూతపడిన ఒక పాత చర్చి. వచ్చే శనివారం నుంచి అది పిల్లల ఆటస్థలం. భర్త పోయాక ముప్ఫై ఏళ్ళు దాని తాళాలు చూసుకున్న హుబెర్తిన, ఆమె అక్క కొడుకు, వడ్రంగి లాంబెర్.

"ఆ గునపం పక్కన పెట్టు, లాంబెర్. ముందు వ్లాయి తిను. ఆప్రికాట్లు పెట్టి పొద్దున్నే చేశాను."

"ఇది మూడో ముక్క పిన్నీ. నాది కడుపా, గాదా? కాస్త జరుగు."

"ఇక్కడ నుంచుంటే నీకేం?"

"నువ్వు నుంచున్న బండే నాకు కావాలి. జారుడుబల్ల కింది కొస దానిమీదికే వస్తుంది. అదేమో ఊగుతోంది. ఎత్తి, కింద ఇసుక సర్ది, మళ్ళీ వేసేస్తాను. అరగంట పని."

"ఎత్తొద్దు."

"పదకొండింటికి పాత కట్టడాల ఆఫీసరమ్మ వస్తుంది. ఇది ఊగుతుంటే సంతకం పెట్టదు. శనివారం పిల్లలొచ్చి, తాళం చూసి, ఏడుస్తూ పోతారు."

"పదకొండింటికా? ఇప్పుడెంత?"

"పదిన్నర. జరుగు పిన్నీ."

"కింద ఎలుకలుంటాయి."

"ఎలుకలా? చర్చిలో వాటికి తినడానికేముంది, ఫాదర్ల ప్రసంగాలా?"

"ఫాదర్లని ఏమీ అనకు... అను. అనుకో, పర్లేదు."

"సరే, ఎత్తను. జారుడుబల్లనే అటు, స్తంభం దగ్గరికి జరుపుతాను. ఆవిణ్ణి కాళ్ళావేళ్ళా పడి ఒప్పిస్తాను."

"జరపొద్దు."

"ఎత్తొద్దు, జరపొద్దు! కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. గోడకి మేకు కొట్టొద్దని ఆవిడ, బండ ముట్టొద్దని నువ్వు. గాల్లో వేలాడదీయనా? నీకిదంతా ఇష్టం లేదని చెప్పెయ్, పోతుంది. దేవుడింట్లో ఈ గోలేమిటని ఊళ్ళో సగంమంది అంటూనే ఉన్నారు."

"నేనన్నానా? ఎప్పుడైనా అన్నానా?"

"మరి ఈ పొద్దున... ఆగు. ఆగాగు. ఈ సందుల్లో ఇదేమిటి? సిమెంటు!"

"సున్నమే."

"సున్నానికీ సిమెంటుకీ తేడా తెలీకుండానే ఇన్నేళ్ళు పాత కట్టడాల్లో పనిచేశానా? చర్చంతా సున్నం, ఈ ఒక్క బండకే సిమెంటు. తాపీ పట్టడం రానివాడెవడో వేళ్ళతో కూరాడు. ఇదిగో, గుర్తులు. ఎవరు పిన్నీ?"

"మీ బాబాయి."

"నికోలాస్ బాబాయా? ఆయనకి గంట కొట్టడం తప్ప... ఎప్పుడు?"

"అరవై ఆరులో. మార్చిలో."

"మార్చి అంటే... నువ్వు ఆస్పత్రిలో... అమ్మ చెప్పేది, పురిట్లోనే..."

"వాడు ఏడవలేదు. జ్ఞానస్నానం లేని బిడ్డకి శ్మశానంలో చోటు లేదన్నారు. కంచె అవతల పెట్టాలి, ఎక్కడ పెట్టారో తల్లికి చెప్పకూడదు. నాకు మొహం కూడా చూపించలేదురా."

"బాబాయి ఊరుకున్నాడా?"

"ఊరుకోక? అలాంటి పిల్లలకి గుంట తవ్వడం చర్చి తాళాలవాడి పనేగా. సొంత కొడుక్కీ ఆయన్నే తవ్వమన్నారు. తవ్వాడు. ఖాళీ గుంటే పూడ్చాడు. వాణ్ణి సైకిలు మీద, పనిముట్ల పెట్టెలో, ఇక్కడికి తెచ్చాడు. ఆయన పోయేదాకా మా ఇద్దరికి తప్ప మూడో మనిషికి తెలీదు. ఆయన పోయాక నా ఒక్కదానికే."

"పిన్నీ..."

"టైమెంత?"

"ఉంది, ఉందిలే. ఏడవకు. బండ ఎత్తను. అంచున సందులో చెక్క చీలికలు కొడితే ఊగదు, ఆవిడకేం తెలుస్తుంది. జారుడుబల్ల అటు జరిపి, దీని చుట్టూ తాడు కట్టేస్తాను. పిల్లలెవరూ దీన్ని తొక్కకుండా..."

"తాడు కట్టావంటే చేతులు విరుస్తాను! జారుడుబల్ల సరిగ్గా ఇక్కడే దిగాలని ఈ ఆటస్థలం నక్షా గీసినాయనకి చెప్పిందెవరనుకున్నావు? ఇన్నేళ్ళలో వాణ్ణి ఆటకి ఎవరూ పిలవలేదురా."