చేతి మీద గీసిన సున్నా

అది కాదు మేడమ్, టీబీ పరీక్షకి పొక్కు లేచింది నా చేతి మీద కదా. అక్క ఫైలు ఎందుకండీ పక్కన పెట్టేశారు?

తెలుసండీ, రూలు. ఫోనులోనూ చెప్పారు, ఇప్పుడూ చెబుతున్నారు. ఒకే ఇల్లు, ఒకే గది, కాబట్టి నాకు టీబీ ఎక్కడ అంటిందో అక్కకీ అక్కడే అంటి ఉండొచ్చు. కొన్ని వారాలాగి అక్కకి మళ్ళీ పరీక్ష చెయ్యాలి. అప్పటిదాకా ఆస్పత్రి వార్డులో కాలు పెట్టనివ్వరు. వార్డులో కాలు పెట్టకపోతే ఈ ఏడు నర్సింగులో సీటు లేదు. అంతేగా? బళ్ళో ఉన్నప్పుడు ఏ పాఠమూ ఇంత చక్కగా అప్పజెప్పలేదండీ నేను.

మరి నాకెలా ఇచ్చారు? ఎక్స్‌రే శుభ్రంగా వచ్చిందని నన్ను చేర్చుకున్నారు. పొక్కు లేచినదానికి సీటు, చెయ్యి చదునుగా ఉన్నదానికి ఇంటిదారి! ఇదేం న్యాయమండీ?

అయ్యో, మీ మీద అరవడం లేదు మేడమ్. నా గొంతే అంత. అక్క బయట బెంచీ మీదే ఉంది, వింటుందేమో. కాస్త ఆ తలుపు... ఆఁ, చాలండీ.

మా అక్క ఏం పని చేస్తుందో మీకు తెలుసా? ఆస్పత్రి బట్టలు ఉతికే చోట ఇస్త్రీ చేస్తుంది. నర్సుల చొక్కాలు, ప్యాంట్లు, రోజంతా ఆవిరిలో. ఇంటికొచ్చాక మొహం ఇంకా ఎర్రగానే ఉంటుంది. "వీళ్ళందరివీ చేశానే, ఒక్కరోజు నావి నేను ఇస్త్రీ చేసుకోవాలి" అంటుంది. అంతే దాని కోరిక. వినడానికి ఎంత చిన్నదో చూడండి.

మీరేమో అడిగారు, అడిగారు, అడుగుతూనే ఉన్నారు. సైన్సు మార్కులు చాలవన్నారు. సాయంత్రం క్లాసులకెళ్ళి మళ్ళీ రాసింది. చిన్నప్పటి టీకాల కాగితాలు లేవంటే, సరే మళ్ళీ పొడవండి అని రెండు చేతులూ చాపింది. ఆ సూదులకి ఒళ్ళు కాలిపోతున్నా పనికి వెళ్ళింది. పోలీసు వెరిఫికేషన్ అంటే దానికీ తిరిగింది. గుండె ఆగితే నొక్కే క్లాసు ఉంది చూడండి, రబ్బరు బొమ్మతో? అక్క నొక్కిన నొక్కుడికి ఆ బొమ్మ లేచి కూర్చుంటుందేమో అనుకున్నాం అందరం.

నేనా? నేను ఆ బొమ్మ మొహంలోకి చూస్తూ, పాపం దీనికెవరూ లేరేమో అనుకుంటూ కూర్చున్నాను. టీచరు తిట్టింది.

నవ్వండి, పర్వాలేదు. ఇంట్లో అందరూ నవ్వుతారు.

నేనెందుకు దరఖాస్తు పెట్టానంటే, అక్క పెట్టింది కాబట్టి. ఇంకా... నిజం చెప్పేస్తున్నాను, తెల్లటి వార్డు, కిటికీలోంచి ఎండ, తలకి కట్టుతో ఒక అబ్బాయి మెల్లగా కళ్ళు తెరుస్తాడు, ఎదురుగా నేను. ఇదండీ నాకు తెలిసిన నర్సింగు. బెడ్‌పాన్ అనేది ఒకటుంటుందని మీ కాలేజీ పుస్తకంలో చదివేదాకా తెలీదు.

లేదు మేడమ్, ఊరికే కాలక్షేపానికి చెప్పడం లేదు. విషయానికే వస్తున్నాను. రావడానికి భయంగా ఉంది, అంతే.

కింది అంతస్తులో టీకాల గది ఉంది కదా. అక్కడ ఒకాయన. నీలం చొక్కా. టీబీ పరీక్షకి చర్మం కింద సూది గుచ్చుతాడు, చిన్న కందిగింజంత బుడగ లేస్తుంది. దాని చుట్టూ పెన్నుతో సున్నా గీశాడు. నా చెయ్యి ఆయన చేతిలో ఉంది. తలొంచుకుని, ఎంతో నెమ్మదిగా అన్నాడు, "గోకకండి" అని.

గోకకండి! ఆ మాటకి ఎవరికైనా మనసు కరుగుతుందా అండీ? నాకు కరిగింది.

ఆ సున్నా చెరిగిపోకూడదని చెయ్యి బయటపెట్టి స్నానం చేశాను. అక్క చూసి, "ఏమే, ఆ చెయ్యి ఎవరికైనా రాసిచ్చేశావా?" అంది. ఉలిక్కిపడ్డాను. దానికేం తెలుసు, సరదాకి అంది.

చెయ్యి వాచిందో లేదో చూపించుకోవడానికి రెండు రోజులాగి మళ్ళీ రమ్మన్నారు కదా, ఇద్దరం కలిసే వెళ్ళాం. లైనులో నిలబడి చూస్తున్నాను. చెయ్యి చదునుగా ఉంటే ఆయన అలా చూసి ఇలా "వెళ్ళండి" అనేస్తున్నాడు. మొహం కూడా ఎత్తడం లేదు. నా ముందు ఒకమ్మాయికి కాస్త వాచింది. ఆ అమ్మాయిని కూర్చోబెట్టాడు. వేలితో తడిమాడు. స్కేలు పెట్టి కొలిచాడు. "నొప్పిగా ఉందా?" అని అడిగాడు.

నా చెయ్యి చూసుకున్నాను. నున్నగా ఉంది. ఏమీ లేదు. ఒక్క క్షణంలో "వెళ్ళండి" అంటాడు. ఇంకెప్పుడు చూస్తాను?

మేడమ్, మా ఒంటితీరు అదో రకం. నాది. కాస్త గీరితే చాలు దద్దురు లేచి చాలాసేపు ఉంటుంది. చిన్నప్పుడు అక్క నా వీపు మీద వేలితో అక్షరాలు రాసి, అవి ఉబ్బితే చదివి ఆడుకునేది.

"ఇప్పుడే వస్తానక్కా" అని బాత్రూముకి వెళ్ళాను.

గోకాను. గోళ్ళతో. చాలలేదనిపించి తలపిన్నుతో. సున్నా లోపలే, జాగ్రత్తగా, గీత దాటకుండా.

వద్దు, మీరేం అనకండి ఇప్పుడే. మొత్తం చెప్పనివ్వండి, ఆపితే మళ్ళీ చెప్పలేను.

కూర్చోబెట్టాడు. తడిమాడు. కొలిచాడు, మళ్ళీ కొలిచాడు. నేనేమో ఆయన కనురెప్పలు చూస్తున్నాను, ఎంత పొడుగో అని. "నొప్పిగా ఉందా?" అంటాడని కాచుకుని ఉన్నాను. అనలేదు. లోపల్నుంచి పెద్ద నర్సుని పిలిచాడు. ఇద్దరూ ఏదో గొణుక్కున్నారు. ఆమె వెళ్ళాక మూతికి మాస్కు తగిలించుకుని, కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నాడు.

వెనక్కి జరుపుకున్నాడు మేడమ్.

అప్పుడైనా చెప్పొచ్చు కదా! నోరు పెగల్లేదు అందామనుకున్నాను మీతో. అబద్ధం. పెగిలేదే. ఎక్స్‌రే తీయాలన్నారు కదా, అదీ ఆయనే తీస్తాడేమో అనుకున్నాను. అక్కడ చూస్తే ఎవరో పెద్దావిడ, ఊపిరి బిగపట్టమని గదమాయించింది. తిరిగొస్తుంటే టీకాల గదిలో ఎవరో వాచ్‌మన్ కూర్చుని ఉన్నాడు, అతనికీ ఆయన అంతే నెమ్మదిగా చెబుతున్నాడు, "గోకకండి" అని. తలుపు సందులోంచి విన్నాను. అదే గొంతు. అందరికీ అదే గొంతు.

ఎక్స్‌రే బాగుందన్నారు, హమ్మయ్య, ఎవరికీ తెలీకుండా గడిచిపోయింది అనుకున్నాను. ఆ సాయంత్రమే మీ ఫోను. అక్క ఇస్త్రీ చేతులతోనే ఎత్తింది. "అలాగేనండీ... అలాగేనండీ..." అంటోంది. పెట్టేసి నా వైపు తిరిగి, "సీటు ఎక్కడికి పోతుందే, వచ్చే ఏడూ ఉంటుంది. నీ ఒళ్ళు జాగ్రత్త" అంది. అంతే. ఒక్క మాట ఎక్కువ లేదు.

అమ్మ భయపడి నా గ్లాసు వేరే పెట్టింది. అక్క ఏం చేసిందో తెలుసా? నేను సగం తాగి పెట్టిన నీళ్ళు తీసుకుని గటగటా తాగేసింది, అందరి ముందూ. నేను చిన్నబుచ్చుకుంటానని! టీబీ అని నమ్మి కూడా తాగింది మేడమ్. నాకు లేదని నాకు తెలుసు, ఊరికే చూస్తూ కూర్చున్నాను.

ఈ పొద్దున నన్ను ఇక్కడికి తీసుకొచ్చింది కూడా అదే. నేను చేరే కాగితాల మీద సంతకం పెట్టే రోజట, ఒక్కదాన్నే పంపితే తికమకపడతానట. నా సీటుకి తోడొచ్చి, తన సీటు పోయిన ఆఫీసు బయట కూర్చుంది.

సంతకం పెట్టను. నా పేరు కొట్టెయ్యండి. పరీక్షలో మోసం చేస్తే మళ్ళీ ఏ ఆస్పత్రి కోర్సులోకీ రానివ్వరని మీ పుస్తకంలో ఉంది, చదివాను. రానివ్వకండి. నాలాంటిది వార్డులో ఉండకూడదు కూడా. కానీ అక్క ఫైలు తియ్యండి మేడమ్. దానికి అంటడానికి మా ఇంట్లో ఏమీ లేదు, నా బుర్ర తప్ప.

ఆఁ? మళ్ళీ పరీక్షా? నాకా? చెయ్యండి, ఈ రెండో చెయ్యి ఉంది. వేరేవాళ్ళ చేత చేయించండి. పైన కట్టు కట్టి పంపండి, నేను ముట్టుకోకుండా. అది చదునుగా ఉంటే అక్కకి...?

అప్పటిదాకా ఆ సీటు ఎవరికీ ఇవ్వరా? నిజంగా? మాటేనా?

లేదు, ఏడవడం లేదు. మీరే అక్కకి చెబుతారా? వద్దండీ, నేనే చెప్పాలి. కొడుతుందేమో. కొడితే బాగుండును. కొట్టదు, అదీ నా బాధ.

ఆయనా? ఆయన్ని పిలిపించకండి మేడమ్, ఆయన తప్పేమీ లేదు, వద్దనే కదా చెప్పాడు. పేరా?

పేరు... తెలీదండీ. బ్యాడ్జి రెండుసార్లూ వెనక్కి తిరిగి ఉంది.

ఇప్పుడు బయటికెళ్తే అక్క అడిగే మొదటి మాట అదే కదా, ఎవరి కోసమే ఇదంతా అని. ఏమో అక్కా, తెలీదు అనాలి. అది కూడా అబద్ధం అనుకుంటుంది.